శేషగిరి గారి నలభయ్యో ట్యూబు

మా తాతయ్య శేషగిరికి మనిషన్నవాడు కనిపిస్తే ఒకటే కోరిక. ఆ మనిషి ఉమ్మాలి.

ఎక్కడపడితే అక్కడ కాదు. తాతయ్య చొక్కా జేబులోంచి తీసి ఇచ్చే వేలెడు ప్లాస్టిక్ ట్యూబులో, నీలం మూత విప్పి, ఎర్రగీత దాకా ఉమ్మాలి. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లో తక్కిన పెద్దమనుషులు "బాగున్నారా" అని పలకరించే చోట ఆయన "ఒక్కసారి ఉమ్మిపెడతారా" అని పలకరించేవాడు. బాగున్నారా అని అడిగితే జనం అబద్ధం చెప్తారనీ, ఉమ్మికి అబద్ధం చెప్పడం చేతకాదనీ ఆయన సిద్ధాంతం.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. డెబ్భై ఒకటో ఏట, 2012 సెప్టెంబరులో, ఒక సోమవారం పొద్దున బయటపడింది. అంతకు ముందు ముప్పై ఏళ్లు న్యూజెర్సీలోనే ఒక రంగుల కంపెనీలో, గోడకి వేసిన రంగు పెచ్చులూడకుండా ఏం కలపాలో చూసే కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే మా అమ్మమ్మ జ్ఞానప్రసూన చిక్కుడుకాయలు ఒలవమంటోందని, దగ్గర్లో ఉన్న ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో జీతం లేని పనికి చేరాడు. మెడలో బ్యాడ్జి. దాని మీద 'వాలంటీర్' అని ఉంటుంది. ఆ మాట కనపడకుండా బ్యాడ్జి తిరగేసి వేసుకునేవాడు.

ఓక్ ట్రీ రోడ్డులో కూరల కొట్టుకి వెళ్లినప్పుడు, లేత బెండకాయలు ఏరుకుంటున్న లీలావతి ఆంటీ పక్కకి చేరాడు.

"అమ్మా, మీరు భోంచేసి ఎంతసేపయింది?"

పెద్దాయన ఎంత ఆదరంగా అడుగుతున్నాడో అని ఆవిడ కరిగిపోయింది. "రెండు గంటలైందండీ."

"దివ్యం. అయితే ఇందులో ఉమ్మండి."

ఆంటీ బెండకాయల సంచీ అక్కడే వదిలేసి కారెక్కింది. తాతయ్య ఆ సంచీ డబ్బిచ్చి ఇంటికి తెచ్చాడు. "ముదురు ఒక్కటి లేదు చూడు, ఎంత బాగా ఏరిందో ఆవిడ," అని అమ్మమ్మకి చూపించాడు. వారం తిరక్కుండా ఆంటీ చేత ఉమ్మించాడు కూడా. ఆయన పట్టు అలాంటిది.

అమెరికాలో ఉత్తినే ఉమ్మించుకోవడం కుదరదు. ముందు రెండు పేజీల ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించాలి. తాతయ్య చంకలో ఆ కాగితాల కట్ట ఎప్పుడూ ఉండేది. ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతంలో, కథ నాలుగో అధ్యాయం నడుస్తుండగా, పక్కన కూర్చున్న రాజారావు ఒళ్లోకి కాగితం జారవిడిచాడు. రాజారావు పార్సిప్పనీలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్, హెచ్ వన్ బి వీసా. అతనికి సంతకం అనే మాట వింటేనే చెమట పడుతుంది.

"అంకుల్, ఇది గ్రీన్ కార్డుకి ఏమన్నా ప్రాబ్లమ్ అవుతుందా?"

"దీనికీ దానికీ సంబంధం లేదు నాయనా."

"ప్రాబ్లమ్ కాదు కదా. పోనీ హెల్ప్ ఏమన్నా అవుతుందా?"

"సైన్సుకి అవుతుంది."

రాజారావు కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. ఎందుకైనా మంచిదని రెండు కాపీలు అడిగి తీసుకున్నాడు. మర్నాడు ముగ్గురు రూమ్మేట్లని కూడా తెచ్చి ఉమ్మించాడు. ఏ పుట్టలో ఏ ఆఫీసరుంటాడో అన్నట్టుగా ఉండేది అతని వాలకం.

ఒకసారి హైవే మీద పోలీసు ఆపాడు. కిటికీ దించగానే తాతయ్య జేబులో మెరుస్తున్న ట్యూబులు చూసి, అవేమిటన్నాడు.

"ఉమ్మి, ఆఫీసర్. నాది కాదు. పదకొండు మందిది."

పోలీసాయన లైసెన్సు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే, నెమ్మదిగా వెళ్లండి."

"నెమ్మదిగా వెళ్తున్నాననే కదా మీరు ఆపారు," అన్నాడు తాతయ్య. తర్వాత, "మీరు భోంచేసి ఎంతసేపయింది?" అని కూడా అనబోయాడు గానీ పోలీసు కారు అప్పటికే సైరన్ వేసుకుని వెళ్లిపోయింది.

ఇంతకీ ఆ ఉమ్మితో ఏం చేస్తారో చెప్పాలి. నేను కెమిస్ట్రీకి జడిసి కాలేజీ మధ్యలో ఆపేసినదాన్ని కాబట్టి నాకు అర్థమైనంతే చెప్తాను. మనం అన్నం నమిలితే కాసేపటికి తియ్యగా అవుతుంది. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ చేసే పని అది. మనిషికి బెంగ పుట్టినా, భయం వేసినా ఈ అమైలేజ్ పెరుగుతుందట. అది ఎంత ఉందో, సూది గుచ్చకుండా, ఒక్క ఉమ్మి చుక్కతో చెప్పేసే చిన్న చీటీ లాంటి సెన్సార్ తయారు చేస్తున్నారు ఆ ల్యాబ్‌లో.

"చీటీకి ఎలా తెలుస్తుంది తాతయ్యా, అది అమైలేజే అని?"

తాతయ్య తన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "ఈ గుంట చూడు."

పదిహేనేళ్లుగా ఆయన ఒకే చోట కూర్చోవడం వల్ల ఆ సోఫాలో ఆయన ఆకారంలో ఒక గుంట పడింది. అందులో నేను కూర్చుంటే మునిగిపోతాను. మా నాన్న కూర్చుంటే ఇరుక్కుపోతాడు.

"ఇందులో సరిగ్గా సర్దుకునేది నేనొక్కణ్ణే. అవునా? అమైలేజ్ చుట్టూ సన్నగా ప్లాస్టిక్ పోత పోస్తాం. గట్టిపడ్డాక అమైలేజ్‌ని కడిగేస్తాం. దాని ఆకారంలో గుంటలు మిగుల్తాయి. ఆ తర్వాత ఉమ్మి చుక్క వేస్తే, అందులో వెయ్యి రకాలున్నా, వచ్చి ఆ గుంటల్లో కూర్చునేది అమైలేజే. గుంటలు నిండేకొద్దీ చీటీలో పారే కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే చాలు."

వంటింట్లోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "అది నిజమే. ఆయన ఆ గుంటలో కూర్చున్నప్పుడల్లా ఈ ఇంట్లో పని తగ్గుతుంది. నేను మిషను లేకుండానే కొలుస్తున్నా."

అమ్మమ్మ సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు అంతా ఇంతా కాదు. అమ్మమ్మ వండుతూ రుచి చూడదు, వాసన చూసి ఉప్పు చెప్తుంది. ఒక గిన్నెలో గరిటె ఇంకో గిన్నెలోకి పోకూడదు. నీళ్ల సీసా నోటికి కరుచుకుని తాగితే ఆ సీసా ఆ రోజు నుంచి మొక్కలకి నీళ్లు పోసేదైపోతుంది. మా ఇంట్లో మొక్కలకి ఇరవై రెండు సీసాలున్నాయి, అన్నీ నా పుణ్యమే. తాతయ్య కూడా ఆ ఇంటి పద్ధతికి అలవాటుపడ్డ మనిషి. పార్టీలకి వెళ్తే తన స్టీలు గ్లాసు తను పట్టుకెళ్లేవాడు. నీళ్లు పెదాలకి తగలకుండా జానెడు ఎత్తునుంచి గొంతులోకి పోసుకునేవాడు. చిన్నప్పుడు అదొక సర్కస్ విద్య అనుకుని నేనూ ప్రయత్నించి ముక్కులోకి పోసుకున్నాను. ట్యూబు ముట్టుకోవాలంటే రెండు జతల గ్లోవ్స్ వేసేవాడు. శాంపిల్ పాడవకూడదని జాగ్రత్త కాబోలు అనుకునేదాన్ని.

అలాంటి ఇంట్లో, గరాజ్ ఫ్రీజరులో, కొబ్బరి తురుము పక్కన ఎనభై ట్యూబుల ఎంగిలి చేరింది.

"ఇదేమిటండీ?"

"సైన్సు."

"ఎవరెవరిది ఈ సైన్సు?"

"పేర్లు చెప్పకూడదు. రూలు. నంబర్లే ఉంటాయి."

"కొబ్బరి పచ్చడిలో ఎవరి నంబరు పడిందో నాకు తెలియాలా వద్దా?"

చివరికి ఫ్రీజరు మధ్యలో ఎర్ర టేపు వేశారు. టేపుకి ఇవతల అమ్మమ్మ, అవతల న్యూజెర్సీ. అమ్మమ్మ కరివేపాకు తీయాలంటే చెయ్యి టేపు దాటకుండా పక్కకి ఒంగి తీసేది. ఆ విన్యాసం వల్ల తన నడుం నొప్పి తగ్గిందని తర్వాత తనే చెప్పింది.

అందరి ఉమ్మీ పట్టిన తాతయ్య తన ఉమ్మి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. నేను రెండు మూడుసార్లు అడిగాను. "నాది పనికిరాదు. రూలు ఒప్పుకోదు," అనేవాడు. ఆయనకి ఏది ఇష్టం లేకపోయినా అమెరికా ప్రభుత్వం దానికొక రూలు పెట్టి ఉండేది.

ఆ సెన్సార్ అసలు యజమాని తాతయ్య కాదు, సంహిత. ఖమ్మం నుంచి వచ్చి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. గుంటల్లో అమైలేజ్ కూర్చునే ఆ ప్లాస్టిక్ పొరని నాలుగేళ్లుగా పోసి, చింపి, మళ్లీ పోసి తయారుచేసింది ఆమె. పొర పెచ్చులూడకుండా నిలబెట్టడంలో రంగుల కంపెనీ అనుభవంతో తాతయ్య సాయం చేశాడు. తెలివైన పిల్ల. నోట్లోంచి మాట మాత్రం రాదు. పిజ్జా కావాలంటే ఫోన్‌లో అడగడానికి సిగ్గుపడి, మంచులో నడుచుకుంటూ వెళ్లి, అక్కడ మెనూ మీద వేలు పెట్టి చూపించి తెచ్చుకునే రకం. ఆమెకి వచ్చే ఫండింగ్ 2013 మేతో ఆఖరు. ఆలోగా థీసిస్ ముగిస్తే డాక్టర్ సంహిత అవుతుంది. లేకపోతే నాలుగేళ్ల చదువు సగంలో వదిలేసి ఇంటిదారి పట్టాలి. సగంలో వదిలేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మార్చి చివర ఒక శనివారం సంహిత మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ ఇచ్చిన కాఫీ చేత్తో పట్టుకుని చల్లారబెట్టింది, తాగలేదు.

"అంకుల్, నూట పన్నెండు శాంపిల్స్ అన్నీ రన్ చేసిన. ఒక్కదాంట్ల కూడా ఏం లేదు."

"సెన్సార్ పాడైందేమో."

"అదే అనుకొని బయట దొరికే టెస్ట్ కిట్‌తో కూడా చూసిన. అది కూడా లేదనే చెప్తున్నది. రెండూ కరెక్ట్‌గా మ్యాచ్ అయినయ్. మన వాళ్ల నోట్లనే ఏం లేదు."

"ప్రొఫెసర్ ఏమన్నాడు?"

సంహిత తల దించుకుంది. "నువ్వు నీళ్లని చాలా బాగా కొలిచినవ్, కంగ్రాట్స్ అన్నడు."

విషయం ఏమిటంటే, సెన్సార్ మంచిదని నిరూపించాలంటే తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని మోతాదులూ కొలిచి చూపించాలి. సంహిత గ్రాఫులో చుక్కలన్నీ కింద మూలన బెల్లం ముక్కకి చేరిన చీమల్లా కుప్పపడ్డాయి. ఏప్రిల్ ఇరవై సాయంత్రం లోపు సరైన శాంపిల్స్ నలభై చూపిస్తేనే మే పదిన డిఫెన్స్, అంటే థీసిస్ మీద ఆఖరి మౌఖిక పరీక్ష, అని ప్రొఫెసర్ తేల్చేశాడు. ముప్పై తొమ్మిదికి ఒప్పుకుంటారా అని సంహిత అడిగిందట, ఒప్పుకోనన్నాడట. ఆమె అంత ధైర్యం చేసి ఒకర్ని ఒకటి అడగడం అదే మొదలు, దానికి వచ్చిన జవాబు అది.

మర్నాడే తాతయ్య ఆరా తీయడానికి బయల్దేరాడు. నేను డ్రైవ్ చేశాను. దామోదర్ అని మా వీధి చివర ఉంటాడు, భార్య పేరు రేణు. ఇద్దరూ ఇంతకు ముందు ఉమ్మినవాళ్లే. దామోదర్‌కి కొత్త ట్యూబు ఇచ్చి, ఒక్కసారి నీళ్లతో పుక్కిలించి, పది నిమిషాలు ఊరికే కూర్చుని, అప్పుడు నోట్లో ఊరింది వదలమని మామూలు పాఠం చెప్పాడు. దామోదర్ తలూపి, పది నిమిషాలు బుద్ధిగా కూర్చుని, ట్యూబు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

లోపల్నుంచి గరగరమని పుక్కిలించిన చప్పుడు. మళ్లీ గరగర. మళ్లీ. తాతయ్య తలుపుకి చెవి ఆనించి వేళ్లు లెక్కపెట్టాడు. ఆరో వేలు దగ్గర తలుపు కొట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా లోపల?"

"కడుక్కుంటున్నానంకుల్."

"ఒక్కసారే కడగమన్నాను కదా. అదీ ముందు."

తలుపు తెరుచుకుంది. దామోదర్ గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. "పెద్దవారు మీరు. మీ చేతికి ఎంగిలి ఎలా ఇస్తానంకుల్? ఇంతకు ముందు కూడా అట్లాగే ఇచ్చాను. శుభ్రంగా నోరు కడుక్కుని, ఆఖరి పుక్కిలి ట్యూబులో పోసి ఇచ్చాను."

"నేను మౌత్‌వాష్ కూడా వేశానంకుల్," అంది రేణు గర్వంగా.

ఆ సాయంత్రం తాతయ్య ఇరవై మందికి ఫోన్లు చేశాడు. అందరిదీ అదే కథ. లీలావతి ఆంటీ తులసి నీళ్లతో పుక్కిలించింది. రాజారావు, గవర్నమెంటు వ్యవహారం ఎలా ఉంటుందో అని, ఫిల్టర్ చేసిన నీళ్లు వాడాడు. తాతయ్య ఫోను పెట్టేసి తన గుంటలో కూలబడ్డాడు.

"నూట పన్నెండు మంది మర్యాద పోగుచేశాను. ఒక్కడి ఉమ్మి లేదు."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మమ్మ తలెత్తకుండానే అంది. "నోరూరినవాడు లేచి బాత్‌రూమ్‌కి పోడు. కూర్చోబెట్టి, ముందు విస్తరి వేసి, ఆవకాయ అన్నం కలుపుతూ చూపించండి. తినద్దని చెప్పండి. నయాగరా."

తాతయ్య ఆమె వంక, పెళ్లిచూపుల్లో కూడా చూసి ఉండనంత ఆరాధనగా చూశాడు. "ప్రసూనా, నువ్వు పీహెచ్‌డీ చేసి ఉండాల్సింది."

"చిక్కుడుకాయలు ఎవరొలుస్తారు మరి? ఇలా రండి."

ఏప్రిల్ ఇరవై శనివారం, ఆఖరి రోజు, మా ఇంటి బేస్‌మెంట్‌లో విందు. అమ్మమ్మ, నేను, వచ్చినవాళ్లు ముప్పై ఎనిమిది మంది, సరిగ్గా నలభై నోళ్లు. ప్రతివాడి ముందూ పేపరు విస్తరి, పక్కన నీలం మూత ట్యూబు, సంతకం పెట్టిన కాగితం. సంహిత పక్కన నిలబడి అందరి చేతా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పుక్కిలింపించింది. తర్వాత అమ్మమ్మ బాత్‌రూమ్ తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

పది నిమిషాలు మొదలయ్యాయి. అమ్మమ్మ పెద్ద బేసిన్‌లో పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, జాడీలోంచి తీసిన ఆవకాయ వేసి, పైన నెయ్యి గుమ్మరించి, నెమ్మదిగా కలుపుతూ వరసల మధ్య నడిచింది. కలిపిన ముద్ద ఒక్కొక్కటి ప్రతి విస్తరిలో పెట్టింది. ఇల్లంతా ఆ వాసనే. నలభై కంఠాల్లో గుటకల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"మింగకండి," అని అరిచాడు తాతయ్య. "మింగితే సైన్సు కడుపులోకి పోతుంది."

"అంకుల్, ఇది టార్చర్," అన్నాడు దామోదర్, నోరు సరిగ్గా తెరవకుండా.

"టార్చర్ అయితే ఇంకా మంచిది. అమైలేజ్ పెరుగుతుంది. ఇంకా నాలుగు నిమిషాలు."

గంట కొట్టగానే అందరూ ట్యూబులందుకున్నారు. పుక్కిలించడానికి ఎవరికీ ఓపిక లేదు, మర్యాద అసలే గుర్తులేదు. ఎర్రగీత దాటి నిండాయి. అమ్మమ్మ కూడా గోడ పక్కకి తిరిగి, ఏ ఆర్భాటం లేకుండా, ఒక్క క్షణంలో ట్యూబు నింపి మూత పెట్టేసింది. ఎంగిలి అంటే ఆమడ దూరం పోయే మనిషి అలా చెయ్యడం చూసి నా నోరు తెరుచుకుపోయింది. సంహిత ట్యూబులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ముప్పై తొమ్మిది."

అందరూ చుట్టూ చూశారు. రాజారావు విస్తరి ఖాళీగా ఉంది. అతని మూతి ఎర్రగా ఉంది.

"సారీ అంకుల్. ఎనిమిదో నిమిషంలో కంట్రోల్ కాలేదు."

గడియారం నాలుగు చూపిస్తోంది. ఆరు గంటలకల్లా ట్యూబులు ల్యాబ్‌లో ఉండాలి. వీధిలోకి పోయి ఎవర్నో పట్టుకొచ్చి, సంతకం పెట్టించి, కూర్చోబెట్టే వ్యవధి లేదు. సంహిత కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ప్రయోగం తనదే కాబట్టి ఆమె తన ఉమ్మి తను ఇవ్వకూడదు. ఆమె కాక ఇంకా ఉమ్మనివాడు ఆ బేస్‌మెంట్‌లో ఒక్కడే ఉన్నాడు. ముప్పై తొమ్మిది మందీ ఒకేసారి ఆయన వైపు తిరిగారు.

"నాది పనికిరాదు. రూలు ఒప్పుకోదు," అన్నాడు తాతయ్య.

"ఏ రూలు అంకుల్?" అంది సంహిత.

"కాగితంలో ఉందమ్మా. మూడో పేజీలో."

"కాగితం రెండే పేజీలు అంకుల్."

తాతయ్య ట్యూబు తీసుకుని, అమ్మమ్మ దగ్గర తాళంచెవి అడిగి పుచ్చుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. అయిదు నిమిషాలు. పది. కుళాయి చప్పుడు వినిపించింది.

"అంకుల్, నీళ్లు వద్దు," అంది సంహిత తలుపు దగ్గర.

"చేతులు కడుక్కుంటున్నానమ్మా."

పావుగంటకి బయటికి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ట్యూబు ఖాళీగా ఉంది. సగం ఎడిసన్ చేత ఉమ్మించిన మనిషి, అందరి మధ్యా ఆ ట్యూబుని పాముపిల్లని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు.

"అంకుల్, గ్రీన్ కార్డుకి ఏం ప్రాబ్లమ్ లేదు. ధైర్యంగా ఉమ్మండి," అన్నాడు రాజారావు.

అమ్మమ్మ నిట్టూర్చింది. "ఆయన వల్ల కాదు నాయనా. ఈ ఇంట్లో ఎంగిలి చాదస్తం ఎవరిదనుకుంటున్నారు, నాదనా? పెళ్లయిన కొత్తలో నేను ఈయన గ్లాసులో ఒక్క గుక్క తాగానని రెండు రోజులు అన్నం మానేశాడు. నలభై ఆరేళ్లుగా ఈయన కోసం ఆ పట్టింపులన్నీ నేను నెత్తినేసుకుని తిరుగుతున్నా. మొదటి ట్యూబు తెచ్చిన రోజు గరాజ్‌లో వాంతి చేసుకున్నాడు. ఇప్పటికీ ట్యూబు పట్టిన రోజు రెండు స్నానాలు."

నాకు ఒకేసారి స్టీలు గ్లాసు, జానెడు ఎత్తు, రెండు జతల గ్లోవ్స్ గుర్తొచ్చాయి.

"మరెందుకు తాతయ్యా, ఊరందరి చేతా ఉమ్మించడం?"

"సైన్సు," అన్నాడు ఆయన, పైకప్పు వైపు చూస్తూ.

సంహిత మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది. నెమ్మదిగా అంది.

"సెప్టెంబర్‌ల శాంపిల్స్ కోసం స్టూడెంట్ సెంటర్‌ల టేబుల్ పెట్టిన. రెండు రోజులు కూర్చున్న, ఒక్కల్ని కూడా అడగలేకపోయిన. శుక్రవారం టేబుల్ తీసేసి, ల్యాబ్‌ల కోల్డ్ రూమ్‌లకు పోయి ఏడ్చిన. అంకుల్ వచ్చి ఏదో సీసా తీసుకొని పోయిన్రు. నన్ను చూడలేదనుకున్న. సోమవారం పొద్దున నా డెస్క్ మీద అయిదు ట్యూబులున్నయ్. నాకు ఉమ్మి పిచ్చి పట్టిందమ్మా, ఏమీ అనుకోకు అన్నరు."

తాతయ్య మెడలో బ్యాడ్జిని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరో ఒకరు సిగ్గు వదిలెయ్యాలి కదమ్మా. ఈ వయసులో నాకు దానితో పనేముంది. నీకయితే ముందు ముందు అవసరం పడచ్చు."

ఎవరు ముందు లేచారో తెలియదు. లీలావతి ఆంటీ అనుకుంటాను. ఆవిడ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత దామోదర్, రేణు. తర్వాత అందరూ. మా బేస్‌మెంట్‌లో అంతమంది మనుషులు ఒక పెద్దమనిషి ఉమ్ముకోవడానికి వీలుగా గోడకి మొహం పెట్టి, చెవులు మూసుకుని నిలబడ్డారు. మూసుకోకుండా నిలబడింది నేనొక్కదాన్నే, అందుకే అమ్మమ్మ మాట నాకు వినపడింది.

"కళ్లు మూసుకోండి. ట్యూబు నేను పట్టుకుంటాను. రంగు డబ్బా అనుకోండి."

నలభయ్యో ట్యూబు నిండింది.

మే పదో తారీకున డిఫెన్స్. సంహిత గ్రాఫు తెర మీద పెట్టింది. ముప్పై తొమ్మిది చుక్కలు కింద నుంచి మధ్య దాకా వరసగా ఎక్కాయి. వాటన్నిటికీ ఎంతో పైన, తెర అంచు దగ్గర, ఒంటరిగా ఒక చుక్క. సెన్సారూ కిట్టూ రెండూ ఆ చుక్క విషయంలో కూడా ఒకే మాట చెప్పాయి. పైదాకా కొలవగలదని నిరూపించింది అదొక్కటే.

ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "నలభయ్యో మనిషి దేనికి ఇంత భయపడ్డాడు?"

"ఉమ్మడానికి," అంది సంహిత. వణక్కుండా, గది చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడేటట్టు. అక్కడ కూర్చున్నది మేమే. తాతయ్య బ్యాడ్జి ఆ రోజు సరిగ్గానే తగిలించుకున్నాడు.

ఆ సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డులో భోజనానికి కూర్చున్నప్పుడు, డాక్టర్ సంహిత నవ్వుతూ మాట్లాడుతూ, పరధ్యానంగా, పక్కనున్న తాతయ్య స్టీలు గ్లాసు అందుకుని సగం తాగేసి పెట్టింది. నేనూ అమ్మమ్మా ఊపిరి బిగబట్టాం. తాతయ్య ఆ గ్లాసు వంక కాసేపు చూశాడు. అటూ ఇటూ చూశాడు. వేరే గ్లాసు అడగలేదు. మెల్లగా ఎత్తి, మిగిలిన నీళ్లు గొంతులో పోసుకున్నాడు.

కాకపోతే జానెడు ఎత్తునుంచి కాదు. బారెడు ఎత్తునుంచి.